పసిగుడ్డుకు వెన్ను ఆపరేషన్: అంత తొందరగా ఎందుకు?

ప్రశ్న: నాకిప్పుడు ఏడో నెల. బిడ్డ నడుము దగ్గర వెన్నుపూసలు మూసుకోలేదని, అది మైలోమెనింగోసీల్ అని స్కానింగ్‌లో తేలింది. పుట్టిన రెండు రోజుల్లోపే ఆపరేషన్ చేయాలంటున్నారు. పసిగుడ్డు తట్టుకోలేదేమో, కాస్త బలం పుంజుకున్నాక చేయిద్దామని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. తెలిసినవారి పాపకు వెన్ను మీద గడ్డ ఉంటే డాక్టర్లే కొన్ని నెలలు ఆగమన్నారు. మరి మాకెందుకీ తొందర?

జవాబు: ఆ పాపకూ మీ బిడ్డకూ ఉన్న ముఖ్యమైన తేడా చర్మమే. గడ్డ మీద చర్మం పూర్తిగా కప్పి ఉంటే, లోపలి నీరు కారకుండా ఉంటే, ఎం.ఆర్.ఐ. తీసి, బిడ్డ ఎదుగుదల చూసుకుని నిదానంగా ఆపరేషన్ చేయవచ్చు. మైలోమెనింగోసీల్‌లో సాధారణంగా అలా ఉండదు. వెన్నుపాము, దాని నరాలు పలుచటి పొర కిందో, ఏ కప్పూ లేకుండానో బయటపడి ఉంటాయి. అక్కడ సోకిన సూక్ష్మజీవులు మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి చేరి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తెచ్చిపెడతాయి. గాయం తెరిచి ఉన్నకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది కనుకనే 48 గంటల్లోపు, ఎక్కువలో ఎక్కువ 72 గంటల్లోపు మూసేయాలని ప్రయత్నిస్తారు.

బలం పుంజుకోనివ్వాలన్న పెద్దల ఆలోచన ప్రేమతో వచ్చినదే. అయితే తెరిచిన గాయంతో గడిపే రోజులు బిడ్డకు బలాన్నివ్వవు, ఇన్ఫెక్షన్‌కు అవకాశమిస్తాయి. ఇది అర్ధరాత్రి పరుగులు పెట్టాల్సిన ఆపరేషన్ కూడా కాదు. బిడ్డకు ఊపిరి సరిగా అందకపోయినా, గుండెలో పెద్ద లోపమున్నా ముందు దాన్ని చక్కదిద్దుతారు. ఈలోగా బిడ్డను బోర్లా పడుకోబెట్టి, సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డను గాయం మీద కప్పి, అది ఆరిపోకుండా, మలం తగలకుండా చూస్తారు, యాంటీబయాటిక్స్ ఇస్తారు. ఈ పిల్లలకు లేటెక్స్ (సహజ రబ్బరు) అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి మొదటి రోజు నుంచే లేటెక్స్ గ్లవుజులు వాడకపోవడం మంచిది.

ఆపరేషన్‌లో నరాల కణజాలాన్ని చుట్టూ ఉన్న చర్మం నుంచి జాగ్రత్తగా విడదీసి, లోపలికి చేర్చి, దానిపై పొరను నీరు కారకుండా కుట్టి, ఆ పైన కండరం, చర్మం మూస్తారు. ఒక్క మాట ముందే తెలుసుకోవాలి: పుట్టేనాటికే దెబ్బతిన్న నరాలను ఈ ఆపరేషన్ తిరిగి తేలేదు. మిగిలిన శక్తిని కాపాడటమే దీని పని. అందువల్ల కాళ్ల కదలిక ఎంత వస్తుందన్నది లోపం వెన్నులో ఏ ఎత్తున ఉందన్నదాన్ని బట్టే చాలావరకు ఉంటుంది.

గర్భంలోనే ఆపరేషన్ చేసే పద్ధతి కూడా ఉంది. 2011లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, అలా చేసిన పిల్లల్లో ఏడాది వయసుకి షంట్ (మెదడులో పేరుకునే అదనపు నీటిని బయటికి మళ్లించే సన్నని గొట్టం) అవసరమైనవారు 40 శాతం కాగా, పుట్టాక చేసినవారిలో 82 శాతం. అయితే నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు పెరిగింది. పైగా దాన్ని 26 వారాల్లోపే చేయాలి, మీకు ఆ గడువు దాటింది.

గాయం మూశాక కూడా తల చుట్టుకొలతను తరచూ కొలుస్తారు. తల త్వరగా పెరుగుతున్నా, మాడు ఉబ్బినా షంట్ సంగతి ఆలోచిస్తారు. మూత్రాశయం సరిగా ఖాళీ అవుతోందో లేదో కూడా మొదటి వారాల్లోనే చూడాలి. ఇది చాలామంది పట్టించుకోని విషయం, కానీ కిడ్నీల క్షేమం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయగల మేలైన పని, నవజాత శిశువుల ఐ.సి.యు., పిల్లల న్యూరోసర్జన్ ఇద్దరూ ఒకేచోట ఉన్న ఆసుపత్రిలో కాన్పు ఏర్పాటు చేసుకోవడం. ఆ సర్జన్‌ను కాన్పుకు ముందే, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని కలవండి.