పీహెచ్ నార్మల్‌గా ఉందని ఏబీజీ నార్మల్ కాదు

ఏబీజీ (ధమని రక్తంలో వాయువులు, ఆసిడ్-ఆల్కలీ స్థితి చూసే పరీక్ష) రిపోర్టు ఇచ్చి సమస్య ఏంటని అడిగిన ప్రశ్న ఇది: పీహెచ్ 7.36, సీఓ2 60, బైకార్బొనేట్ (రక్తంలోని ఆల్కలీ) 33. జవాబులో పీహెచ్ 7.36 చూసి నార్మల్ అనుకుని వదిలేశారు, బైకార్బొనేట్ 33 చూసి మెటబాలిక్ ఆల్కలోసిస్ (శ్వాస వల్ల కాకుండా వేరే కారణంతో రక్తం ఆల్కలీ వైపు వెళ్లడం) అని రాశారు. పొరపాటు అక్కడే జరిగింది.

1. పీహెచ్ 7.35–7.45 మధ్యే ఉన్నా, సీఓ2, బైకార్బొనేట్ రెండూ హద్దు దాటాయంటే కాంపెన్సేషన్‌ను (పీహెచ్‌ను సరిచేయడానికి శరీరం చేసే సర్దుబాటు) అనుమానించాలి.

2. చాలామంది వదిలేసే స్టెప్ ఇదే. 7.40 దగ్గర ఒక గీత గీసుకోండి. 7.36 గీతకు కింద, అంటే ఆసిడ్ వైపు. శరీరం పీహెచ్‌ను గీత దగ్గరికి తెస్తుంది గానీ, మామూలుగా దాటించి అవతలికి తోసేయదు. కాబట్టి అసలు సమస్య ఆసిడోసిస్, అంటే రక్తం ఆసిడ్ వైపు వెళ్లడం. (నేనూ ఇది తెలియక చాలాసార్లు తప్పు రాశాను.)

3. ఆసిడ్ వైపు లాగుతున్నది ఏది? సీఓ2 60. ఉండాల్సింది 35–45. బైకార్బొనేట్ ఉండాల్సింది 22–26, పెరిగి ఆల్కలీ వైపు లాగుతోంది. అది కిడ్నీల సర్దుబాటు, దానికి కొన్ని రోజులు పడుతుంది.

జవాబు: పూర్తిగా కాంపెన్సేట్ అయిన రెస్పిరేటరీ ఆసిడోసిస్ (శ్వాసతో సీఓ2 సరిగా బయటికి పోక వచ్చే ఆసిడోసిస్). దీర్ఘకాలిక సీఓపీడీ (గాలి దారులు ఇరుకయ్యే ఊపిరితిత్తుల జబ్బు) పేషెంట్లలో ఇలాంటి రిపోర్టు కనిపిస్తుంది.

ప్రశ్నలో వాంతులు, డైయూరెటిక్స్ (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందులు) ప్రస్తావన ఉంటే మాత్రం మిక్స్‌డ్ డిజార్డర్ (ఒకేసారి రెండు సమస్యలు) కావచ్చు, హిస్టరీ మళ్లీ చదవండి.