సైనిక కుటుంబాల పిల్లల చదువుకు ఫౌండేషన్ల సాయం అడిగేదెలా?

ప్రశ్న: తణుకు పరిసరాల్లోని మాజీ సైనికులం నలభై మందిమి కలిసి మూడేళ్ల క్రితం సంఘం రిజిస్టర్ చేయించుకున్నాం. పింఛనులోంచి తలా కొంత వేసుకుని ఏటా పన్నెండు మంది పిల్లలకు 15,000 రూపాయల చొప్పున ఇస్తున్నాం. అడిగేవాళ్లు పెరిగారు, మా శక్తి చాలడం లేదు. నిరుడు ఫిబ్రవరిలో ఏడు కంపెనీల ఫౌండేషన్లకు రాస్తే ఒక్కరూ బదులివ్వలేదు. ఆ ఉత్తరం నకలు, పిల్లల జాబితా జతపరుస్తున్నాను. లోపం ఎక్కడుంది? అమెరికాలో స్థిరపడిన మా ఊరివాళ్ల నుంచి విరాళాలు తీసుకోవచ్చా?
– ఒక మాజీ సుబేదార్, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: సుబేదార్ గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండు పేజీల్లో పేజీన్నర మీ ప్రాంతపు సైనిక సేవకే సరిపోయింది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలిటరీ అన్నమాట ఊరి పేరులోనే కలిసిపోయిందంటే ఆ సేవ ఎంతటిదో మన జిల్లాలో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఫౌండేషన్‌లో ఆ కాగితం చదివే అధికారి వెతికేది, ప్రభుత్వం ఇప్పటికే ఇస్తున్న సాయం ఏ విద్యార్థికి అందడం లేదు, ఆ విద్యార్థికి మీరు ఎప్పుడు ఎంత ఇవ్వదలచుకున్నారు అన్న సంగతి. అది మీ ఉత్తరం చివర ‘పేద విద్యార్థులను ఆదుకోగలరు’ అన్న ఒక్క వాక్యంలో ఆగిపోయింది.

నిజానికి చెప్పుకోవలసింది చాలా ఉంది. మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్ర సంస్థ కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా 2006-07 నుంచి అమలవుతున్న ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం వృత్తివిద్యా డిగ్రీల్లో చేరిన మాజీ సైనికుల పిల్లలకు, అర్హత పరీక్షలో 60 శాతం మార్కులుంటే, నెలకు అబ్బాయిలకు 2,500, అమ్మాయిలకు 3,000 రూపాయలు ఇస్తుంది. ఐటీఐ, పాలిటెక్నిక్ డిప్లొమా చదివేవారు దాని పరిధిలోకి రారు. హవల్దార్, అంతకన్నా కింది ర్యాంకుల్లో రిటైరైనవారి పిల్లలకు రక్షణమంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి విద్యా గ్రాంటు ఉన్నా, అది కుటుంబంలో ఇద్దరు పిల్లలకే పరిమితం, పైగా తరగతి పాసయ్యాక దరఖాస్తు పెట్టుకుంటేనే వస్తుంది. కాలేజీలో చేరేనాడు కట్టవలసిన డబ్బు మాత్రం ఆ రోజే కట్టాలి కదా.

మీ జాబితాలో ఏడో పేరు చూడండి. హవల్దార్ కన్నా కింది ర్యాంకైన నాయక్‌గా రిటైరై కన్నుమూసిన వ్యక్తి కూతురు, భీమవరంలో పాలిటెక్నిక్ రెండో ఏడు. మీరు ఇచ్చిన సొమ్ము బస్ పాసుకు, పుస్తకాలకు, డ్రాయింగ్ క్లాసులో గీతలు గీయడానికి కావలసిన మినీ డ్రాఫ్టర్ అనే పరికరానికి ఖర్చయిందని పక్కన పెన్సిలుతో రాసుకున్నారు. నాకు ఆ పెన్సిలు రాత మీ పేజీన్నర కంటే విలువైనదిగా కనిపించింది. ఈసారి ఉత్తరాన్ని ఆ అమ్మాయి చదువుతో, ఆ ఖర్చు లెక్కతో మొదలుపెట్టండి. పేరు అవసరం లేదు.

ఇక ఎవరిని అడగాలన్నది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్ల రూపాయలు దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి. చట్టంలోని ఏడో షెడ్యూలులో విద్యతో పాటు మాజీ సైనికులు, యుద్ధ వితంతువులు, వారిపై ఆధారపడినవారి సంక్షేమం విడిగా ఉంది. 2020లో కేంద్ర సాయుధ పోలీసు బలగాల కుటుంబాలనూ చేర్చారు. తాము పనిచేసే ప్రాంతానికి కంపెనీలు ప్రాధాన్యం ఇవ్వాలనీ అదే సెక్షన్ చెబుతోంది కాబట్టి, ముంబై చిరునామాల కంటే ముందు కోనసీమలో చమురు, సహజవాయువు తీస్తున్న సంస్థలకు రాయండి. ఫిబ్రవరి నాటికి ఆ ఏడాది డబ్బు దాదాపుగా కేటాయింపు అయిపోతుంది. మరుసటి ఏడాది ప్రణాళిక ఖరారయ్యే లోపే, డిసెంబరులోనో జనవరిలోనో మీ ఉత్తరం చేరాలి.

బదులు రాకపోవడానికి మరొక కారణం కూడా ఉండవచ్చు. బయటి సంఘానికి ఈ నిధులు ఇవ్వాలంటే అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం, ఆడిటర్లు 12ఏ, 80జీ అని పిలిచే ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు, 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైన, కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర చేయించుకునే సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. నిరుడు మీకు మూడేళ్లు నిండలేదు. ఇప్పుడు నిండాయి కనుక, నోటుపుస్తకంలోని చందాల లెక్కలను ఆడిట్ చేయించి మిగిలిన నమోదులు పూర్తి చేయండి.

అమెరికా విరాళాల విషయంలో పాస్‌పోర్టు చూడాలి. భారత పౌరసత్వం ఉంచుకున్నవారు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి నుంచి, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోవద్దు. మన ఊరివాడే కదా అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

ఒక మాట చెప్పక తప్పదు, నొచ్చుకోకండి. పన్నెండు మందిలో ముగ్గురి పేర్ల ఎదుట కార్యవర్గ సభ్యుల మనవలని ఉంది. వారూ అర్హులే కావచ్చు, కానీ ఆ మూడు పేర్లు చూసిన అధికారి మిగిలిన తొమ్మిది చూడడు. ఎంపికలో ఒక హైస్కూలు హెడ్‌మాస్టరును, ఒక సైనికుడి వితంతువును కూర్చోబెట్టండి. బంధువుల దరఖాస్తు వచ్చినప్పుడు ఆ సభ్యుడు లేచి వెళ్లాలని తీర్మానం రాసుకోండి. తర్వాత సైన్యం నుంచి రిటైరైనప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ బుక్కుల నకళ్లతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, జాబితాలో ఎవరికి ఏ ప్రభుత్వ సాయం అందుతోందో ధ్రువీకరణ ఇవ్వమని అడగండి. ఆ కాగితాన్ని ఉత్తరంలో మొదటి పేజీ వెనకే జతచేయండి.