నాన్నగారికి మెసోథెలియోమా: వైద్యం ఏమిటి, పరిహారం వస్తుందా?

ఆస్బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీలో చేసి ఎప్పుడో రిటైరైన నాన్నగారికి ఇప్పుడీ మెసోథెలియోమా (ఎక్కువగా ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే కేన్సర్) ఏమిటని, వైద్యం, పరిహారం సంగతేమిటని అడిగారు. ఆస్బెస్టాస్ పోగులు పీల్చాక జబ్బు బయటపడటానికి 20 నుంచి 50 ఏళ్లు పట్టొచ్చు, కాబట్టి ఆశ్చర్యం లేదు.

ముందు బయాప్సీతో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షతో) రోగ నిర్ధారణ జరిగిందో లేదో చూడండి. ఛాతీలోంచి తీసిన నీటి పరీక్ష ఒక్కటే చాలాసార్లు సరిపోదు. ఆపరేషన్ కొద్దిమందికే పనికొస్తుంది. మిగతావారికి పెమెట్రెక్సెడ్‌తో పాటు సిస్‌ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్ కీమో, లేదంటే నివోలుమాబ్, ఇపిలిముమాబ్ మందులతో ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తే కేన్సర్‌తో పోరాడేలా చేసే వైద్యం). ఇమ్యునోథెరపీ ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. ఆయాసం లాంటి బాధలు తగ్గించే పాలియేటివ్ వైద్యం మొదటి రోజు నుంచే అడగండి, అది చివర్లో ఇచ్చేది అనుకోవద్దు.

ఇక పరిహారం. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల కేన్సర్, మెసోథెలియోమా చట్టంలోని వృత్తి వ్యాధుల (చేసే పని వల్ల వచ్చే జబ్బుల) జాబితాలో ఉన్నాయి. ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) ఉండి ఉంటే ఈఎస్ఐ ద్వారా, లేకపోతే కార్మిక శాఖలో క్లెయిమ్ వేయాలి. గడువులుంటాయి, వెంటనే కార్మిక చట్టాలు తెలిసిన లాయర్‌ని కలవండి. ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది.

అసలు చిక్కు రుజువు దగ్గరే. "ఫలానా ఏళ్లు ఆస్బెస్టాస్ పని చేశారు" అని డాక్టరు చేత కేస్ షీటులో రాయించండి. పాత పీఎఫ్ స్లిప్పు, గేట్ పాస్, ఏది దొరికినా దాచండి. కార్మికుల ఆరోగ్య రికార్డులను కంపెనీలు వాళ్లు పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు ఉంచాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రికార్డులు ఇమ్మని కంపెనీని రాతపూర్వకంగా అడగండి.