అతన్ని చూడటానికి వెళ్తున్నావు, ఆ మాటే చెప్పు

అమ్మాయ్,

నీ మెసేజ్ చదివాను. విదేశంలో ఉండే నీ బాయ్‌ఫ్రెండ్‌ని చూసి రావడానికి టూరిస్ట్ వీసాకి వేస్తూ, "ఫారంలో అతని పేరు రాయాలా పిన్నీ, ఎవరో స్నేహితురాలి దగ్గరికి వెళ్తున్నానని రాస్తే గొడవ ఉండదు కదా" అని అడిగావు. రాయాలి. అతని పేరే రాయాలి. గొడవంతా రాయకపోతేనే మొదలవుతుంది.

అతని ఉద్యోగం ఏ దేశంలో స్థిరపడుతుందో ఇంకా తేలలేదన్నావు కాబట్టి నాకు తెలిసిన నాలుగు చోట్ల పద్ధతులూ రాస్తున్నాను. నీకు అక్కర్లేనివి వదిలెయ్.

టూరిస్ట్ వీసా అంటే ఊళ్లు చూడటానికే అనుకుని చాలామంది కంగారు పడతారు. సొంతవాళ్లను, స్నేహితులను, ప్రేమించిన మనిషిని చూసి రావడం కూడా దాని కిందకే వస్తుంది. అమెరికా బీ2 అయినా, బ్రిటన్ విజిటర్ వీసా అయినా, యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా అయినా అంతే. తప్పు కాని పనిని దాచిపెట్టి తప్పుగా మార్చుకోవడం ఎందుకు? వీసా కోసం అబద్ధం చెప్పినట్టు తేలితే అమెరికా తలుపులు జీవితాంతం మూసుకుపోవచ్చు. బ్రిటన్‌లో అయితే 10 ఏళ్ల నిషేధం పడుతుంది. ఇంకో సంగతి కూడా ఆలోచించు. రేపు మీరిద్దరూ పెళ్లి చేసుకుని భార్యాభర్తల వీసాకి వెళ్తే ఈ పాత ఫైలే బయటికి తీస్తారు. ఎప్పటినుంచి పరిచయం అని అడిగినప్పుడు నువ్వు చెప్పే తేదీ ఈ ఫారానికి అడ్డం తిరగకూడదు.

వీసా ఆఫీసర్‌కి నీ ప్రేమ మీద అనుమానమేమీ ఉండదు. అతని అనుమానమల్లా నువ్వు తిరిగి వెళ్తావా లేదా అన్నదే. అమెరికా చట్టంలో 214(బి) అనే సెక్షన్ ప్రకారం టూరిస్ట్ వీసా అడిగిన ప్రతివాళ్లూ అక్కడే ఉండిపోయేవాళ్లని ముందే అనుకుంటారు, కాదని చూపించుకోవాల్సింది మనమే. ప్రేమించినవాడు అక్కడ ఉన్నాడంటే ఆ అనుమానం ఇంకాస్త పెరుగుతుంది, నిజమే. దానికి మందు అతన్ని దాచడం కాదు, నిన్ను వెనక్కి లాక్కొచ్చేవి చూపించడం. మళ్లీ ఏ తేదీన డ్యూటీలో చేరతావో రాసిన లీవ్ లెటర్, నీ పేరు మీద ఉన్న ఇంటి అద్దె ఒప్పందం, నీ మీద ఆధారపడిన మనుషులు, ఇంతకుముందు వేరే దేశం వెళ్లి గడువులోపే తిరిగొచ్చిన ముద్రలు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో నెలనెలా జీతం పడుతూ ఉంటే చాలు. అప్లికేషన్‌కి వారం ముందు ఎవరి దగ్గరో తెచ్చి వేసిన పెద్ద మొత్తం నీకు మేలు చేయదు, ఎక్కడిదని అడుగుతారు.

అతను రాసే ఆహ్వాన లేఖకి అన్ని చోట్లా ఒకే విలువ ఉండదు. అమెరికా టూరిస్ట్ వీసాకి అది అవసరమే లేదు, దాన్ని చూసి వీసా ఇవ్వరు. యూరప్‌లో వేరు. జర్మనీలో నీ ఖర్చు తనదేనని అతను అక్కడి విదేశీయుల ఆఫీసుకి వెళ్లి అధికారికంగా రాసివ్వొచ్చు. ఫ్రాన్స్‌లో నువ్వు అతనింట్లో దిగేట్టయితే మున్సిపల్ ఆఫీసు నుంచి దానికో పత్రం తీసుకోవాలి. ఏ దేశమైనా సరే, అతని లెటర్‌లోని తేదీలు, నీ లీవ్ తేదీలు, ఫారంలో వేసిన తేదీలు ఒక్కటిగా ఉండాలి. చాలామంది తడబడేది ఇక్కడే.

ఇంటర్వ్యూలో క్లుప్తంగా మాట్లాడు. ఎవరు? నా బాయ్‌ఫ్రెండ్. ఎన్నాళ్లు? మూడు వారాలు. ఖర్చెవరిది? టికెట్ నాది, బస అతనింట్లో. అంతే. మీ ప్రేమకథ మొత్తం వినే ఓపిక ఆ కిటికీ వెనకాల మనిషికి ఉండదు. ఫోటోల ఆల్బమ్ మోసుకెళ్లినవాళ్లను చూశాను, దాన్ని తెరవమన్నవాళ్లే లేరు. మొదటిసారికి రెండు మూడు వారాలే అడుగు. ఆరు నెలలు అడిగితే, అంత సెలవిచ్చే ఉద్యోగం ఏమిటని వాళ్లకి సందేహం వస్తుంది, నాకైనా వస్తుంది. వీసా చేతికి వచ్చేదాకా డబ్బు వెనక్కి రాని టికెట్ మాత్రం కొనకు.

వీసా వచ్చినంత మాత్రాన లోపలికి పంపి తీరాలని లేదు. ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ వాళ్లు మళ్లీ ఇవే ప్రశ్నలు అడుగుతారు. పెట్టె తెరుస్తారు, ఒక్కోసారి ఫోన్ కూడా చూస్తారు. మూడు వారాలకి వెళ్లే మనిషి పెట్టెలో ఒరిజినల్ డిగ్రీ సర్టిఫికెట్లు, పెళ్లిబట్టలు, నాలుగు కాలాల దుస్తులు ఉంటే వాళ్లు ఏమనుకోవాలి? "వచ్చాక ఇక్కడే ఏదో ఉద్యోగం చూసుకుందువులే" అని అతను సరదాకి పంపిన మెసేజ్ కూడా అక్కడ సరదాగా ఉండదు. అలాంటివి రాయొద్దని ఇప్పుడే చెప్పు.

వీసా మీద ఉండే గడువు వేరు, అక్కడ ఉండనిచ్చే రోజులు వేరు. అమెరికాలో నీ గడువు ఐ-94 అనే రాకపోకల రికార్డులో ఉంటుంది. దిగిన మర్నాడే ఆన్‌లైన్‌లో చూసుకో. ఒక్కరోజు దాటినా ఆ వీసా చెల్లకుండా పోతుంది. గడువు దాటాక 180 రోజులు మించి ఉండిపోయి బయటికొస్తే 3 ఏళ్లు, ఏడాది నిండితే 10 ఏళ్లు రానివ్వరు. షెంగెన్‌లో ఏ 180 రోజులు తీసుకున్నా 90 రోజులే. దిగిన రోజూ లెక్కే, బయల్దేరిన రోజూ లెక్కే. పక్క దేశానికి వెళ్లొస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు. 2025 అక్టోబర్ నుంచి అక్కడ రాకపోకలను వేలిముద్రలతో సహా కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టారు కూడా. షెంగెన్‌కి 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మిగతా చోట్ల అడగకపోయినా తీసుకో.

పని సంగతి. జీతం లేకపోయినా సరే, అతని స్నేహితుడి షాపులో సాయంగా కూర్చోవడం కూడా పనే అంటారు. నీ లాప్‌టాప్ మీద నీ ఆఫీసు పని చేసుకోవడాన్ని బ్రిటన్ 2024 నుంచి కొంతవరకు ఒప్పుకుంది, అదీ వెళ్లిన ముఖ్య కారణం అది కాకపోతేనే. మిగతా చోట్ల ఆ ధీమా పెట్టుకోకు, సెలవు పెట్టే వెళ్లు. టూరిస్ట్‌గా వెళ్లి పెళ్లి చేసుకుని ఉండిపోదామన్న ఆలోచన కూడా వద్దు. బ్రిటన్‌లో పెళ్లి కోసం వెళ్లాలంటే దానికి వేరే విజిటర్ వీసా ఉంది. అమెరికా పౌరుణ్ని అక్కడికెళ్లి పెళ్లాడి ఉండాలంటే కాబోయే భార్యాభర్తలకిచ్చే కే-1 వీసా దారి, వెళ్లాక 90 రోజుల్లో పెళ్లవ్వాలి.

ఇక మీ ఇద్దరి మాట. మీరు కలుసుకున్నారు గానీ ఒకే ఇంట్లో ఉన్నది లేదు. రోజూ తిరుగుళ్లు పెట్టుకోకండి. అతను ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన సాయంత్రం ఎలా ఉంటాడో, డబ్బు ఎలా ఖర్చు పెడతాడో, గిన్నెలు ఎవరు కడుగుతారో చూడు. ఫోన్‌లో ఇవేవీ కనబడవు. చిన్నదో పెద్దదో గొడవ వస్తుంది, రానీ. కాస్త ఎడం కావాలనిపిస్తే నువ్వొక్కదానివే బయటికి వెళ్లి తిరిగిరా. ఎవరు ఎక్కడికి మారాలి అన్న మాట చివరి రాత్రికి అట్టిపెట్టకండి, మధ్యలోనే ఎత్తండి. ఆ రాత్రి ఏడుపు మధ్య ఇచ్చిన మాటలు నిలబడవు.

పాస్‌పోర్ట్ నీ దగ్గరే ఉండాలి. ఇంటి తాళం ఒకటి అడుగు. నాలుగు రాత్రులు హోటల్‌లో ఉండగలిగే డబ్బు నీ కార్డులో వేరుగా ఉంచుకో. అతని మీద అనుమానంతో చెబుతున్న మాట కాదిది, ఎవరింటికి వెళ్లినా చెబుతాను.

ఒకవేళ వీసాకి కాదన్నారనుకో, అక్కడే కూలబడిపోకు. షెంగెన్ వాళ్లు కారణం రాసిస్తారు, అప్పీలు చేసుకోవచ్చు. అమెరికాలో 214(బి) కింద కాదంటే అప్పీలు లేదు, ఫీజు వెనక్కి రాదు, నీ పరిస్థితి ఏదైనా మారాక మళ్లీ వేయొచ్చు. ఈలోగా మీ ఇద్దరికీ సులువుగా వీసా దొరికే మూడో దేశంలో కలవండి. లేదా అతన్నే రమ్మను. ప్రతిసారీ నువ్వే ఎందుకు వెళ్లాలి?

లీవ్ లెటర్ ఈ వారమే అడుగు. ఆఫీసుల్లో ఆలస్యమయ్యేది అదే.

మీ పిన్ని