ఫైల్‌ని లైన్ లైన్‌గా చదవడం అంత చిన్న విషయమా?

ప్రశ్న: డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను, పైథాన్ కోర్సు పూర్తయింది. ఒక ఇంటర్వ్యూలో 10 జీబీ లాగ్ ఫైల్‌లో (ప్రోగ్రామ్ నడుస్తుండగా జరిగినవన్నీ లైన్ లైన్‌గా నమోదయ్యే ఫైల్) ఎర్రర్ లైన్లు ఎన్నున్నాయో లెక్కపెట్టే స్క్రిప్ట్ రాయమన్నారు. రాశాను, చిన్న ఫైల్‌తో పనిచేసింది కూడా, అయినా సెలెక్ట్ కాలేదు. ఇలాంటి వాటి మీద టైమ్ పెట్టాలా, మెషీన్ లెర్నింగ్ కోర్సులో చేరిపోవాలా?

జవాబు: ముందు దీని మీదే టైమ్ పెట్టండి. మీరు రీడ్‌తోనో రీడ్‌లైన్స్‌తోనో రాసి ఉంటారని నా అనుమానం, చాలామంది అలాగే రాస్తారు. రీడ్ ఫైల్ మొత్తాన్నీ ఒకే స్ట్రింగ్‌గా మెమరీలోకి తెస్తుంది, రీడ్‌లైన్స్ అన్ని లైన్లనీ ఒక లిస్టులో పెడుతుంది. చిన్న ఫైల్‌కి తేడా కనపడదు. 8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో 10 జీబీ ఫైల్‌ని అలా తెరిస్తే మెషీన్ నత్తనడక నడుస్తుంది, లేదా స్క్రిప్ట్ మధ్యలోనే ఆగిపోతుంది. వాళ్లు 10 జీబీ అని ప్రత్యేకంగా చెప్పింది అందుకే. పైథాన్‌లో ఫైల్ ఆబ్జెక్ట్ మీదే నేరుగా ఫర్ లూప్ తిప్పొచ్చు, అప్పుడు ఒక్కో లైనే చేతికొస్తుంది, మీకు కావలసింది ఒక కౌంటర్ మాత్రమే. విత్ అనే కీవర్డ్‌తో తెరిస్తే మధ్యలో ఎర్రర్ వచ్చినా ఫైల్ దానంతటదే మూసుకుంటుంది.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆగరు. ప్రతి లైన్ చివర న్యూలైన్ గుర్తు ఉంటుంది కదా, దాన్ని తీయడానికి అందరూ స్ట్రిప్ వాడేస్తారు, కానీ అది ముందున్న ఖాళీలనీ చివరి ట్యాబ్‌లనీ కూడా కొట్టేస్తుంది, ట్యాబ్‌లతో విడదీసిన డేటా అయితే చివరి ఖాళీ కాలమ్‌లు మాయమవుతాయి. దాని బదులు, లైన్ చివర మాత్రమే కత్తిరించే ఆర్‌స్ట్రిప్ వాడి, దానికి న్యూలైన్ మాత్రమే ఇవ్వండి. ఎన్‌కోడింగ్ (అక్షరాలని ఫైల్‌లో బైట్లుగా దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని మీరే రాయండి, లేకపోతే లినక్స్‌లో బాగా చదివిన తెలుగు ఫైల్ విండోస్‌లో పిచ్చి అక్షరాలు చూపించొచ్చు. లినక్స్‌లో కమాండ్లు నడిపే బ్యాష్‌లో వైల్ రీడ్ లూప్ రాస్తే రీడ్‌కి మైనస్ ఆర్ ఆప్షన్ పెట్టాలి, లేదంటే బ్యాక్‌స్లాష్‌లు మింగేస్తుంది. ఫైల్ చివర న్యూలైన్ లేకపోతే మామూలుగా రాసిన ఈ బ్యాష్ లూప్ ఆఖరి లైన్‌ని వదిలేస్తుంది, అదీ ఏ ఎర్రర్ చూపించకుండా!

ప్రొడక్షన్ సపోర్ట్, టెస్టింగ్, డెవ్ఆప్స్, డేటా ఇంజనీరింగ్, ఏ ఉద్యోగం తీసుకున్నా తరచూ చేతికొచ్చే పని ఇదే. మెషీన్ లెర్నింగ్‌లో కూడా మోడల్ దగ్గరికి వెళ్లేముందు డేటా ఫైళ్లని చదివి శుభ్రం చేయాలి.

టెన్షన్ పడకుండా ఒక పని చేయండి. గంటగంటకీ ఎన్ని ఎర్రర్లు వచ్చాయో చెప్పే స్క్రిప్ట్‌ని పైథాన్‌లోనూ బ్యాష్‌లోనూ రాయండి. ఖాళీ ఫైల్, ఆఖరి న్యూలైన్ లేని ఫైల్, తెలుగు ఉన్న ఫైల్, మీ ర్యామ్ కంటే పెద్ద ఫైల్, అన్నింటితో నడిపి చూడండి. కోడ్‌ని నలుగురికీ చూపించే గిట్‌హబ్ సైట్‌లో పెట్టి, రీడ్ ఎందుకు వాడలేదో రెండు వాక్యాల్లో రాయండి. కోర్సులో ఆ తర్వాత చేరినా ఆలస్యమేమీ కాదు.