హాఫ్ డే కిండర్‌గార్టెన్ లెక్క

అమ్మలూ,

పెద్దమ్మ దీవెనలు. ఊరి స్కూళ్ళు చూసుకునే స్కూల్ కమిటీ బడ్జెట్ హియరింగ్‌లో, ఫీజు లేని ఫుల్ డే కిండర్‌గార్టెన్ (ఒకటో తరగతికి ముందు ఏడాది) కోసం మాట్లాడతానన్నావు. టెన్షన్‌గా ఉందని కూడా అన్నావు. మసాచుసెట్స్‌కి వచ్చినప్పటి నుంచి ఇదే ఊళ్ళో ఉన్నాం కదా, అందులో ఆరేళ్ళు నేను ఫైనాన్స్ కమిటీలో పనిచేశాను. నాకు తెలిసింది రాస్తున్నాను.

మీ అన్నయ్య కిండర్‌గార్టెన్‌కి వెళ్ళేనాటికి ఇక్కడ హాఫ్ డే ఒక్కటే ఉండేది. ఎనిమిదిన్నరకు బస్సెక్కి, పదకొండున్నరకల్లా దిగిపోయేవాడు. నేను బట్టలుతికి, కూర పొయ్యి మీద వేసేసరికి బస్సు వచ్చేసేది. ఆ ఏడాది ఉద్యోగం మానేశాను. తర్వాతి హియరింగ్‌లో ఆ బాధంతా కక్కేశాను. పిల్లల భవిష్యత్తు అంటూ చాలాసేపు మాట్లాడాను. నా తర్వాత ఒక పెద్దాయన లేచి, “పెన్షన్ మీద బతుకుతున్నాను, టాక్స్ పెరిగితే ఇల్లు అమ్ముకోవాలి” అని కూర్చున్నాడు. హాలంతా ఆయన వైపు తిరిగింది. అది న్యాయమే. నా మాటల్లో ఆయనలాంటి వాళ్ళకు చోటే లేదు.

కాబట్టి ముందు డబ్బు సంగతి తెలుసుకో. హాఫ్ డేలో ఒక టీచరు, ఒక గది, పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఇంకో బ్యాచ్. ఫుల్ డే అంటే రెండు గదులు, ఇద్దరు టీచర్లు. మధ్యాహ్నం బస్సు ఖర్చు మిగులుతుంది కానీ అది జీతాలకు సరిపోదు. 1980లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ రెండున్నర అనే రాష్ట్ర చట్టం వల్ల, కొత్త కట్టడాల మీద వచ్చేది కాక, ఊరు వసూలు చేసే మొత్తం ప్రాపర్టీ టాక్స్ ఏడాదికి రెండున్నర శాతం మించి పెరగకూడదు. మించాలంటే ఓవర్‌రైడ్‌కి, అంటే ఆ హద్దు దాటడానికి, ఊరి ఓటర్లు ఓటు వేయాలి. లేదంటే ఇంకో చోట కోత తప్పదు. ఎక్కడ కోస్తారో అడుగు.

ఇప్పుడు మనూళ్ళో ఫుల్ డేకి ఫీజు కట్టాలి కదా. ఊరి స్కూళ్ళకు రాష్ట్రం ఇచ్చే డబ్బులో, అంటే చాప్టర్ 70 సాయంలో, హాఫ్ డే పిల్లవాణ్ణి సగంగా లెక్కేస్తారు. ఫీజు కట్టే ఫుల్ డే పిల్లవాడూ సగమే. ఫీజు తీసేస్తేనే పూర్తిగా ఒకడు. అయితే ఆ తలల లెక్క అక్టోబర్ 1న తీస్తారు, దాని సాయం వచ్చే జులైలో మొదలయ్యే బడ్జెట్‌కి వెళుతుంది. అంటే మొదటి ఏడాది ఫీజూ ఉండదు, పెరిగిన సాయమూ ఉండదు. ఆ గుంత ఎలా పూడుస్తారన్నదే అసలు ప్రశ్న. కనీస సాయం మాత్రమే అందే ఊళ్ళకు తలలు పెరిగినా పెద్దగా రాకపోవచ్చు. మనది ఏ రకమో స్కూల్ బిజినెస్ ఆఫీసుకు ఈమెయిల్ రాసి ముందే తెలుసుకో.

చదువు గురించి ఎక్కువ చెప్పుకోకు. ఫుల్ డే పిల్లలు ఆ ఏడాది ముందుంటారని, మూడో తరగతికి ఆ తేడా తగ్గిపోతుందని అధ్యయనాలు ఉన్నాయి. ఎవరో ఒకరు అది ఎత్తుతారు. నువ్వు గంటల గురించి చెప్పు. రాష్ట్రం నిబంధన ప్రకారం కిండర్‌గార్టెన్‌కి ఏడాదికి కనీసం 425 గంటలు చాలు, ఒకటో తరగతికి 900 కావాలి. 425ని బడి జరిగే 180 రోజులకు పంచితే రోజుకు సుమారు రెండు గంటల ఇరవై రెండు నిమిషాలు. కోటు విప్పడం, చేతులు కడగడం, స్నాక్ పోగా మిగిలేదెంత?

ఐదేళ్ళ పిల్ల అలసిపోతుందనే తల్లుల మీద విసుక్కోకు. వాళ్ళ భయం నిజమైనదే. మధ్యాహ్నం ఆటకి, విశ్రాంతికి టైమ్ ఉంటుందా అని వాళ్ళ తరఫున నువ్వే అడుగు.

హెచ్1బీ మీద ఉన్నాం, మాకేం హక్కు అనుకోకు. హియరింగ్‌లో మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. నువ్వు కట్టే అద్దెలో ఊరి టాక్స్ ఉంది. కానీ ఊరి బడ్జెట్ తేల్చే టౌన్ మీటింగ్‌లో ఓటు మాత్రం సిటిజన్లకే, గ్రీన్ కార్డు కూడా చాలదు. మన తెలుగువాళ్ళలో సిటిజన్లయ్యాక కూడా ఆ రాత్రి ఇంట్లోనే ఉండిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది నాకు నిజంగా బాధగా ఉంటుంది. వాళ్ళకు నేను ఫోన్ చేస్తాను.

ఆఫీసు జవాబు రాగానే పట్టుకురా, ఆదివారం కూర్చుని చూద్దాం. చంటిదానికి అరిసెలు చేసి ఉంచాను.

పెద్దమ్మ