అటక మీద క్యాసెట్ ఉంటే నెట్‌లో గేమ్ దింపుకోవచ్చా?

చిత్తూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన డౌటు ఇది, చాంతాడంత రాసినాడు, నేను కుదించి చెప్తా. ఇంట్లో మూలన పడున్న డెస్క్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ వేసి, రెట్రోఆర్చ్ (పాత గేమ్ మిషన్ల ఆటల్ని కంప్యూటర్‌లో ఆడిపించే ఎమ్యులేటర్) ఎక్కించి, దాని పైన ఎమ్యులేషన్‌స్టేషన్ అనే ఫ్రంటెండ్ పెట్టి టీవీకి కలిపినాడంట. ఇప్పుడు కొడుకు జాయ్‌స్టిక్ పట్టుకుని మారియో ఆడతా ఉంటే ఈయనకి చిన్నతనం గుర్తొస్తా ఉంది. గేమ్‌లన్నీ నెట్‌లో దింపినవే. అటక మీద పెట్టెలో పాత క్యాసెట్లు ఉండాయి కాబట్టి నాకు హక్కుంది అని ఈయన, పోలీసులొస్తారు బావా అని బామ్మర్ది. ఇంకోటి, తిరుపతి బస్టాండు దగ్గర జ్యూస్ షాపు పెట్టుకున్న చిన్నాయన కొడుకు "నాకూ ఒకటి చేసియ్యన్నా, గంటకి 30 రూపాయలు పెట్టి ఆడిపిస్తా" అంటా ఉండాడంట. చేసియ్యొచ్చా అని.

తమ్ముడూ, ముందు ఆ ఫ్రంటెండ్ గురించి నిశ్చింతగా ఉండు. అది చేసే పనల్లా గేమ్‌ల పేర్లు, బొమ్మలు వరసగా చూపించి, నువ్వు నొక్కినదాన్ని ఎమ్యులేటర్‌కి అప్పజెప్పడమే. ఎమ్యులేటర్ కూడా తప్పు కాదు, పాత మిషన్ ఎట్ల పనిచేస్తాదో చూసి సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్ అది. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఒక ప్రోగ్రామ్ ఇంకోదాంతో కలిసి నడవడానికి కావలసిన సమాచారం రాబట్టుకోవడానికీ, అది ఎట్ల నడుస్తాదో పరిశీలించడానికీ చోటు ఇచ్చినారు. అమెరికాలో కూడా ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ మీద సోనీ కోర్టుకి పోతే 2000లో అప్పీలు కోర్టు కనెక్టిక్స్ అనే కంపెనీ పక్కనే నిలబడింది.

కథంతా ఆ గేమ్ ఫైలు దగ్గరే, అదే రోమ్ (ROM) ఫైలు అంటామే దాని దగ్గర. చాలామంది "ఇంట్లో సొంతానికి వాడుకుంటే తప్పేంది సార్" అంటారు, పుస్తకం పేజీ జిరాక్స్ తీసుకున్నట్టు అనుకుంటారు. సొంత వాడకం అనే మినహాయింపు 52(1)(ఎ) అనే క్లాజులో ఉండేది నిజమే, కానీ అదే క్లాజులో కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి ఇది వర్తించదు అని రాసి పెట్టినారు. తమాషా ఏందంటే నీ ఫ్రంటెండ్ నెట్ నుంచి లాక్కొచ్చే గేమ్ అట్టపెట్టెల బొమ్మలకి నువ్వు ఈ క్లాజు చెప్పుకోవచ్చు, బొమ్మ ప్రోగ్రామ్ కాదు కదా, గేమ్‌కి మాత్రం చెప్పుకోలేవు.

ప్రోగ్రామ్‌లకి వేరే క్లాజులు ఉండాయి, ఏఏ అని ఒకటి, ఏడీ అని ఒకటి. మొదటిది బ్యాకప్ గురించి, రెండోది వ్యాపారం కాని సొంత వాడకం గురించి. రెండిట్లోనూ మెలిక ఒకటే, నువ్వు న్యాయంగా సంపాదించిన కాపీ ఉండాల, ఆ కాపీ నుంచే ఇంకో కాపీ తీసుకోవాల. నా తోటలో తోతాపురి చెట్టుంది కాబట్టి పక్కోడి తోటలో తోతాపురి కోసుకుంటా అంటే కుదరదు కదా, నెట్‌లో దింపడం అట్లాంటిది. నీ క్యాసెట్‌ని డంప్ చేసే పరికరం కొనుక్కొచ్చి నీ చేత్తో ఫైలు తీసుకుంటే నీకు క్లాజు అండ ఉంటాది. 24 గంటల్లో డిలీట్ చేస్తే తప్పు లేదు అనే మాట మన చట్టంలో యాడా లేదు, ఎవరు పుట్టించినారో గానీ.

ఇంక అసలు తంటా. ఆ క్యాసెట్ ఒకసారి అటక మీద నుంచి దించి చూడు. పసుప్పచ్చ ప్లాస్టిక్కు, పైన "64 ఇన్ 1" అని స్టిక్కరు, నోటితో ఊది ఊది పెట్టేవాళ్ళం, ఔనా? దాంట్లో కాంట్రా కోనమీది, మారియో నింటెండోది, బ్యాటిల్ సిటీ నామ్కోది. వీళ్ళందరూ ఒక చోట కూర్చుని నీకోసం ఒక క్యాసెట్ చేసి అమ్మినారా? అదే దొంగ కాపీ నాయనా. నేనూ అట్లాంటిదే ఆడినా, మా నాయన గాంధీ రోడ్డులో కొనిచ్చినాడు, ఆయనకీ తెల్దు నాకూ తెల్దు. కానీ దొంగ కాపీ నుంచి తీసిన కాపీకి ఆ క్లాజులు అండ రావు.

పాతబడిపోయింది కదా అంటావేమో. పాతబడితే హక్కు పోదు, గడువు తీరితే పోతాది. సూపర్ మారియో వచ్చింది 1985లో, మన చట్టంలో ఎంత తక్కువ లెక్క కట్టినా 60 ఏళ్ళు, అంటే 2045 ఆఖరు దాకా మాట్లాడే పని లేదు. రెట్రోఆర్చ్‌లో సిస్టం ఫోల్డర్లో వేసినావే ఎస్‌సీపీహెచ్1001 అనే బిన్ ఫైలు, అది సోనీ వాళ్ళ బయోస్, అంటే ప్లేస్టేషన్ ఆన్ చేయగానే నడిచే ప్రోగ్రామ్, దానికీ ఇదే లెక్క.

సరే, పోలీసులొస్తారా? ఇంట్లో పిల్లోడు ఆడుకుంటున్నాడని ఎవరి మీదన్నా కేసు పెట్టింది నా ప్రాక్టీసులో నేనైతే చూడలేదు. అట్లని తప్పు ఒప్పు అయిపోదు. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే అదే చట్టం 63బీ సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, జరిమానా ఉండాయి. డబ్బు కోసం కాకపోతే జడ్జి కారణాలు రాసి జైలు వద్దని 50,000 లోపు జరిమానాతో వదలొచ్చు. బామ్మర్ది చెప్పినంత భయం లేదు, నువ్వనుకున్నంత ధీమా కూడా లేదు.

జ్యూస్ షాపు మాటకొస్తే, వద్దు. గంటకి 30 అన్న మరుక్షణం ఆ కనికరం క్లాజు ఎగిరిపోతాది. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా, సాయం చేసినోడు కూడా దాంట్లోనే ఉంటాడు కాబట్టి షాపు వాడిది, చేసిచ్చిన చెయ్యి నీది. 2022లో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు దీన్ని బెయిలు హక్కుగా రాని నేరం అనేసింది, ఎస్సై వారెంటు లేకుండానే వచ్చి కాపీలు పట్టుకుపోవచ్చు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, స్నెస్9ఎక్స్ లాంటి కొన్ని ఎమ్యులేటర్ల లైసెన్సులోనే వ్యాపారానికి వాడకూడదని ఉంటాది. వందల గేమ్‌లు నింపిన హార్డ్ డిస్క్ ఎవరన్నా అమ్ముతా ఉంటే అదీ కొనమాకండి.

పిల్లోడి ఆట ఆపాల్సిన పని లేదు. డూమ్ మొదటి భాగం 1993లోనే షేర్‌వేర్‌గా ఊరికే పంచినారు, మేమ్ (MAME) అనే ఎమ్యులేటర్ వాళ్ళ సైట్‌లో గ్రిడ్లీ, రాబీ రోటో లాంటివి ఇంట్లో ఆడుకోవడానికి హక్కుదారులే వదిలినారు, జీఓజీ అనే సైట్‌లో పాత పీసీ గేమ్‌లు కొనుక్కోవచ్చు, ఈ కాలంలో కొత్తగా పాత మిషన్ల కోసం రాసి పంచేవి కూడా బోలెడు. ఇవన్నీ నీ ఫ్రంటెండ్‌లో చక్కగా కూర్చుంటాయి. దింపిన ఆ ఫోల్డరు మాత్రం తీసెయ్, పెట్టెలో 64 ఇన్ 1 కాకుండా ఒక్క గేమ్‌తో ఒరిజినల్ క్యాసెట్ ఏదన్నా తగిలితే ముందూ వెనకా ఫోటో తీసి పెట్టు, చూసి చెప్తా.